మీ తాత కూయించిన సైరను

"బాపమ్మా, గా ఫ్యాక్టరీ మీద గొట్టం లెక్క ఉన్నది, అదేంది?"

అదా? సైరను బిడ్డ. గిప్పుడు పావురాలు గూడు పెట్టినయి గని, అప్పట్ల మీ తాత దాన్ని కూయిస్తె కోరుట్ల దాంక ఇనవడేది. కోరుట్ల దాంక అంటె... ఏమో, గంత దూరం ఇనవడదేమో. మా అత్త గట్లనే చెప్పేది, నేను గూడ గట్లనే చెప్తున్న.

సర్కారు చక్కెర ఫ్యాక్టరీ అది. మీ తాత నౌకరి ఆవిరి ఇడిచి సైరను కూయించుడు. బాయిలరు కాడ చెరుకు పిప్పి ఎగదోసుడు గూడ ఉండె గని, మా అత్తకు గదంత లెక్కల లేదు. పొద్దుగాల కూత ఇనంగనే 'నా కొడుకు డూటీల ఉన్నడు' అని పాలు పిండ బర్రె కిందికి పోయేది. పొద్దు నడినెత్తికచ్చి పగటీలి కూత అయితెనే కంచం ముంగట కూసునేది, అంతదాంక ఎంత ఆకలైనా ముద్ద ముట్టకపోయేది. ఊరందరిది గదే టైము. మా మరిది లేడూ, నీకు చిన్నతాత అయితడు, ఫ్యాక్టరీలనే నౌకరి, చేతికి దుబాయి గడియారం పెట్టుకోని తిరిగేటోడు, ఆయన గూడ సైరను ఇనే గడియారం సరిజేసుకునేటోడు!

నక్సలైట్లు, అదే అన్నల జమాన గది. ఫ్యాక్టరీని కంపినోళ్ళకు అమ్ముతున్నరని తెలిసింది. అన్నలు అచ్చి మా గోడకు 'అమ్మద్దు' అని కాయితం అంటిస్తిరి, పోలీసోళ్ళు అచ్చి గీకిరి. వాళ్ళు వీళ్ళు ఇద్దరు మా ఇంట్లనే నీళ్ళు తాగిరి. గోడ సున్నం ఖరాబు చేసిన్రని మా అత్త ఇద్దర్ని తిట్టింది. ఆఖరుకు ఫ్యాక్టరీ అమ్ముడు అమ్ముడే ఆయె.

కంపినీ మేనేజరు ఒకాయన అచ్చిండు. మస్తు నీటుగుంటడు, అంగి మడత నలగది. అచ్చుడు అచ్చుడే, 'సైరనుకు ఆవిరి దండుగ, అందరికి గడియారాలున్నయి గదా, రేపటి సంది బంద్' అన్నడట. మీ తాత ఇంటికచ్చి నాకొక్కదానికే చెప్పి మంచంల ఒరిగిండు. సైరనే లేకుంటె ఈయన ఎందుకు? నౌకరి పోతదని నేను డబ్బల బియ్యం చూసుకున్న.

తెల్లారింది. కూత లేదు. ఇగ చూడు బిడ్డ ఊరు సంగతి! ఒక్కడు డూటీకి పోలే. కావాలని గాదు, ఒట్టు! సద్ది కట్టుకోని గడపల్ల కూసున్నరు, కూత కాంగనే పోదామని. మా అత్త చెంబు పట్టుకోని నిలవడ్డది, బర్రె ఒర్రుతంది. ఆడ ఫ్యాక్టరీల రాత్రి డూటీ వాళ్ళు మా బదులోళ్ళు రాలేదని మొత్తుకుంటున్నరు. మేనేజరు ఇది సమ్మెనే అనుకున్నడు, దీని ఎనుక అన్నలున్నరు అనుకున్నడు పాపం, పోలీసులకు ఫోన్ కొట్టిండు.

ఎస్సై జీపేసుకోని దిగిండు. 'సమ్మె ఎవ్వడు చెయ్యుమన్నడ్రా?' అని మా మరిదిని గద్దించిండు. ఈయన లేచి నిలవడి, 'సమ్మె ఏంది సారూ? సైరను కూయలే గదా. కూయంగనే పోతం' అన్నడు. ఎస్సై కడుపు వట్టుకోని నవ్వుడే నవ్వుడు. మేనేజరు కాడికి పోయి 'ముందుగాల గా కూత పెట్టియ్యిన్రి' అన్నడట. మీ తాత చెప్పులు గూడ తొడుగకుంట ఉరికిండు.

గట్ల కొన్నేండ్లు నడిచింది. ఆ తర్వాత కంపినీ ఫ్యాక్టరీకే తాళమేసింది. నష్టమన్నరు, చెరుకు లేదన్నరు. చెరుకు లేకేంది, చేన్ల నిలవడి ఎండలే? నాకు ఇప్పటికి కడుపు మండుతది.

అప్పటికి మా అత్తకు కండ్లు కనవడయి, మంచం దిగదు. నౌకరి పోయిందని తల్లికి చెప్ప మీ తాతకు నోరు రాలే. చెప్పకుంటె కూత ఏది? కూత లేకుంటె ఆమె తినదు. ఇగ ఏం జేసిండంటె, పగటీలి కొట్టం ఎనుకకు పోయి, రెండు చేతులు నోటికి పెట్టుకోని 'కూ...' అని లాగేటోడు! నేను కొంగు నోట్ల కుక్కుకోని నవ్వేదాన్ని. ఆమె మాత్రం 'కూసింది పిల్లా, బువ్వెయ్యి' అనేది.

ఒక చలికాలం మీ తాతకు దగ్గు పట్టింది. గా దినం కూత నడుమల్నే తెగింది. దొరికిపోయినం అనుకున్న. గబగబ కంచం ముంగట పెట్టిన. మా అత్త ముద్ద కలుపుకుంట, మెల్లగ అన్నది గదా...

'పిల్లా, రేపటి సంది వాన్ని కూయద్దని చెప్పు. గొంతు నొస్తది. నేను ఊకెనే తింట.'

నువ్వు సల్లగుండాలె బిడ్డ, రేపు నీకచ్చే నౌకరి సల్లగుండాలె. పో, కంచం తెచ్చుకో, పగటీలైంది.