నాలుగు వందల అడుగులు

బయట విమానం ఇంజన్ మొదలైంది. పారాచూట్లు మడిచే గదిలోంచి, వీపున సంచి కట్టుకుని పరుగున వెళ్లబోతున్న మేనకోడలి పట్టీని మామయ్య గుమ్మంలోనే పట్టుకున్నాడు.

“వదులు మామయ్యా! సెలెక్షన్ వాళ్లు కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఇది పోతే మళ్లీ వచ్చే ఏడాదే.”

“కూర్చోనీ. పొద్దున ఈ చిన్న పారాచూట్ ట్రయల్‌కి ఇచ్చాను కదా, ఎలా ఉంది?”

“గాలిలో కత్తిలా పోతోంది. దీంతో ఒక చుట్టు తిప్పి దిగితే టీమ్‌లో చోటు నాదే.”

“బాగా ఎత్తులో ఉండగానే ఒక చుట్టు తిప్పి, ఎంత కిందికి పడిపోతుందో చూసుకోమన్నాను. చూశావా?”

“చూశానని చెప్పాగా! నాలుగు వందల అడుగులు.”

“చేతికున్న ఎత్తు మీటర్ చూసే చెబుతున్నావా?”

“లేదు, కలలో కనిపించింది!”

మామయ్య నవ్వలేదు. పట్టీ వదల్లేదు.

“నాలుగు వందలు నీ పాతదానికి. ఇది ఒక్క చుట్టుకి ఎనిమిది వందలు మింగేస్తుంది. నిన్న నేనే తిప్పి చూశాను.”

“మీటర్ తప్పు చూపించిందేమో.”

“నా కళ్లలోకి చూసి చెప్పు.”

ఆమె విమానం వైపు చూసింది. అక్కడెవరో రమ్మని చెయ్యి ఊపుతున్నారు.

“అది తెరుచుకోగానే ఒక్క కుదుపు కుదిపింది మామయ్యా. భయమేసింది. తిప్పకుండా తిన్నగా దిగిపోయాను.”

“మరి ఇప్పుడు వాళ్ల ముందు ఎంత ఎత్తులో తిప్పుదామనుకున్నావు?”

ఆమె వేళ్లు వాటంతటవే ఛాతీ మీది పట్టీ విప్పసాగాయి.

“ఐదు వందల్లో.”