మా బావ దాటిన ఒకే ఒక్క కారు

ఏంటీ, ఆదివారం రేసుకా? చూడ్డానికా? నడపడానికా! నువ్వా! సరే సరే, ముందు కూర్చో. ఆ గుడ్డ మెడకి కట్టనీ. అందుకా పొట్టిగా కొట్టమంటున్నావు, హెల్మెట్లో ఉక్కపోస్తుందనా? కజునరీ, నీకు రాబోయే కష్టాల్లో ఉక్కపోయడం అన్నిటికంటే చిన్నది బాబూ. తల ఇటు తిప్పు. మా ఇంట్లోనూ ఒక రేసు వీరుడుండేవాడు, తెలుసా? తెలీదా? మీ నాన్న చెప్పలేదూ? మీ నాన్నకి చిన్నప్పుడు ఆయన కాచిన నీళ్ళలోనే ఒళ్ళు రుద్దేవారు. మా అక్క సదాయె లేదూ, ఆవిడ మొగుడు. మా బావ. మునకాతా కియొహారు. పోస్టాఫీసు పక్కన కార్లు నిలబెట్టుకునే ఖాళీ జాగా ఉందే, అక్కడే ఉండేది ఆయన స్నానశాల. షిరోయిషి స్టేషన్లో దిగితే ముందు కనబడేది ఆ పొగగొట్టమే. ఇప్పుడంటే అందరి ఇళ్ళలోనూ స్నానాల గదులు వచ్చాయి గానీ, అప్పట్లో సాయంత్రం అయితే ఊరంతా తువ్వాలు భుజాన వేసుకుని అక్కడికే.

ఆయన రేసు నడిపేవాడా అంటే, ఆఁ, నడిపేవాడనే అనాలి. కారు ఉండేది. హెల్మెట్ ఉండేది. ట్రాకు దాకా వెళ్ళేవాడు. రేసు మొదలయ్యేది కూడా. చివరిదాకా వెళ్ళడం అన్న ఒక్క చిన్న పని మాత్రం మిగిలిపోయేది. కారంటే ఏం కారనుకున్నావు? అగ్గిపెట్టెకి చక్రాలు బిగించినట్టు చిన్న తెల్ల కారు. దాని ఇంజను చప్పుడు వింటే మా వీధి కుక్క జాలిగా చూసేది. ఇంకో వింత విను. అది పెట్రోలు కరువు వచ్చిన కాలం. బాయిలర్‌కి నూనె దొరక్క మా బావ పాత ఇళ్ళు కూల్చిన చెక్కలు తెచ్చి తగలబెట్టేవాడు. స్నానశాలలో నీళ్ళేమో గోరువెచ్చగా ఉండేవి, కారులో నీళ్ళు మాత్రం సలసలా మరిగేవి. "మునకాతా గారూ, ఆ కారునే తొట్టి కింద పెట్టకూడదూ" అని ముసలమ్మలు అడిగేవాళ్ళు. నవ్వుతూ కాదు, నిజంగానే అడిగేవాళ్ళు.

ఆ స్నానశాల ఆయన ముచ్చటపడి పట్టుకున్నది కాదులే. సెందాయ్‌లో మోటారు షెడ్డులో పనిచేస్తుండేవాడు, చేతిలో పని ఉంది. పెద్దన్నయ్య ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు, తండ్రి రమ్మన్నాడు, వచ్చాడు. అంతే. పొయ్యి ముందు కూర్చున్నాడు, ఇక లేవలేదు. ఆ పనిలో ఉన్న సుఖమేంటంటే, నీళ్ళు బాగుంటే ఎవరూ ఏమీ అనరు. బాగోకపోతే గోడకున్న చిన్న కిటికీలోంచి అందరూ అరుస్తారు, "చల్లగా ఉన్నాయయ్యోయ్!" అని. ఒకసారి తాగినప్పుడు నాతో అన్నాడు, "ఒరేయ్ సోకిచీ, ఈ ఊళ్ళో నా పేరు 'చల్లగా ఉన్నాయయ్యోయ్' రా" అని. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

సరే, ఆ శరత్కాలంలో మా అక్క తేల్చి చెప్పేసింది. అక్క కోప్పడే మనిషి కాదు, అదే భయం. ఆడవాళ్ళ వైపూ మగవాళ్ళ వైపూ రెండూ కనబడేలా గుమ్మం దగ్గర ఎత్తు పీట ఉండేది, దానిమీద కూర్చుని ఊరంతటినీ చూసేది. ఎవరినీ చూడనట్టుండేది. అన్నం వడ్డిస్తూ మామూలుగా అంది, "ఏమండీ, ఈసారి చివరి జెండా కింద నుంచి రండి. రాకపోతే ఆ కారు అమ్మేద్దాం. ముల్లంగి పచ్చడి వెయ్యనా?" అని. ఆయన వెయ్యమన్నాడు. ఇంకేమంటాడు.

రేసుకి ముందురోజు, శనివారం పొద్దున స్నానశాల తలుపుకి కాయితం అంటించాడు, "బాయిలర్ మరమ్మతు" అని. మేం బయల్దేరేలోపే దాని కింద ఎవరో పెన్సిల్‌తో రాశారు, "యజమాని బుర్రకి ఎప్పుడు?" అని. నా షాపు మూయించి నన్నూ లాక్కెళ్ళాడు. నాకు మెకానిక్ పని ఏం వస్తుందయ్యా? నాకొచ్చింది గడ్డం గీయడం. "నీళ్ళు పోయడం వచ్చుగా, చాలు" అన్నాడు. కట్టెలవాడి దగ్గర చిన్న లారీ అరువు తెచ్చి, దాని వెనక కారుని తాడుతో కట్టాం. కొండదారిలో సగం ఎక్కామో లేదో తాడు తెగింది. నేను కారులో స్టీరింగు పట్టుకుని ఉన్నాను. మా బావ లారీ ఎత్తు ఎక్కుతోంది, నేను వెనక్కి పోతున్నాను! అరిచాను, చూడు, ఆ అరుపు సెందాయ్ దాకా వినపడి ఉండాలి. బ్రేకు తొక్కితే ముందు ఏమీ అవ్వలేదు, తర్వాత దయతలచి ఆగింది. ఆయన లారీ దిగొచ్చి అన్న మాట, "బ్రేకులు బాగున్నాయన్నమాట." అంత సంతోషంగా అన్నాడు, కొట్టబుద్ధి కాలేదు.

ట్రాకు దగ్గర మా ఊరి మందుల షాపు హిరుకావా అప్పటికే దిగి ఉన్నాడు. చూశావుగా వాళ్ళ కొడుకుని, అదే ముక్కు. కొత్త కారు, ఎర్రది. ముగ్గురు మెకానిక్కులు, ముగ్గురికీ ఒకే రకం బట్టలు, వెనక షాపు పేరు. బూట్లు చూస్తే అప్పుడే డబ్బా లోంచి తీసినట్టు. మా దగ్గరున్న సరంజామా ఏంటంటే, స్నానశాల పసుపు ప్లాస్టిక్ చెంబులు, ఒక పెట్టె అన్నం ముద్దలు, నేను. హిరుకావా వంగి దండం పెట్టి, "ఓహో, మునకాతా గారు స్నానానికి కూడా ఏర్పాట్లు తెచ్చారే" అన్నాడు. మా బావ నిజమనుకుని, "కావాలంటే వాడుకోండి" అన్నాడు. ఇలాంటి మనిషితో వేగాలి నేను.

తల వంచు. ఇంకొంచెం. ఆఁ. కారు తనిఖీ చేసే పెద్దమనిషి వచ్చి చుట్టూ తిరిగి, "నంబరు ఏదీ?" అన్నాడు. దారిలో ఎక్కడో ఊడిపోయింది. నా అరుపుతో పాటే పోయిందేమో. బావ ఎవరి దగ్గరో తెల్లబూట్ల పాలిషు అడుక్కొచ్చాడు. తెల్ల కారు మీద తెల్ల పాలిషుతో నంబరు రాయబోయాడు మహానుభావుడు! నేను ఆపి, ముందు మసి పూయించాను. బాయిలర్ మసి ఆయన గోళ్ళనిండా ఎప్పుడూ ఉండేదే గానీ, అది చాలక లారీ పొగగొట్టం గీకాం. మసి మీద తెల్లగా నంబరు. చూడ్డానికి పొయ్యి మీద ముగ్గు వేసినట్టుంది. తనిఖీ ఆయన వంగి చూసి, సరేనన్నాడు.

ఆ మధ్యాహ్నం ఎవరెంత వేగమో కొలిచే పరీక్ష. రెండో మలుపులో గేరు కర్ర ఊడి ఆయన చేతికొచ్చింది. వట్టిగా రావడం కాదు, దాన్ని పట్టుకుని కిటికీలోంచి బయటికి ఊపాడు, ఇదిగో ఊడిపోయిందీ అని మాకు చెప్పడానికి. జనం ఏదో పలకరింపనుకుని వాళ్ళూ చేతులూపారు. ఒకే గేరులో మిగతా చుట్టు తిరిగొచ్చాడు. ఏం స్థానం వచ్చిందని అడగకు. ఆయన వెనక ఇంకెవరూ లేరు, అంత చెబుతాను. సాయంత్రం దాకా కారు కింద పడుకుని ఆ కర్ర బిగించాడు. నేను దీపం పట్టుకోవడం, ఆయన "అటు కాదురా, ఇటు" అనడం. అన్నం ముద్దలన్నీ నేనే తిన్నాను. ఆయన తినలేదని కాదు, చేతులు అలా ఉన్నాయి. చివర్లో ఒకటి నోట్లో పెట్టాను, కారు కింద నుంచే నమిలాడు.

ఆదివారం వాన. వానంటే మామూలు వాన కాదు, కొండ మొత్తం కడిగేస్తోంది. జెండా ఊపారు, అందరూ పోయారు, మా బావ కూడా పోయాడు. మొదటి చుట్టులోనే గిర్రున తిరిగి గడ్డిలోకి వెళ్ళాడు. అయిపోయిందిరా, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళొచ్చు అనుకున్నాను. అబ్బే. గడ్డి ముక్కలు చక్రాలకి వేలాడేసుకుని బయటికొచ్చాడు. కాసేపటికి పొగలు కక్కుతూ నా దగ్గర ఆగాడు. నేను చెంబులతో నీళ్ళు పోస్తుంటే అక్కడున్న అధికారి, "ఏయ్, ఇక్కడ స్నానాలు చేయించకూడదు!" అని అరిచాడు. బావ లోపల్నుంచి, "ఇంకొంచెం పొయ్యరా, ఇంకొంచెం" అంటున్నాడు. అద్దం తుడిచే కర్ర ఎక్కడో ఎగిరిపోయింది. కిటికీ దించి, తల బయటపెట్టి నడిపాడు. వానలో తల బయటపెట్టి! ఒక పక్క ముఖం బురద, ఇంకో పక్క శుభ్రం. ఎదురుగా వెళ్ళినప్పుడల్లా నాకు వేరే మనిషిలా కనబడ్డాడు.

ఇంతలో హిరుకావా ఎర్ర కారు మలుపులో జారి ఇసుకలో కూరుకుపోయింది. ముగ్గురు మెకానిక్కులూ గోడ పక్కనే నిలబడి చూస్తున్నారు. మా బావ వచ్చి దాన్ని దాటాడు. కజునరీ, రేసుల్లో ఆయన జన్మంతటికీ దాటిన కారు అదొక్కటే. అది కూడా నిలబడి ఉన్న కారు. నేను చెంబు పైకెత్తి అరిచాను, ఒట్టు, గెలిచినంత అరిచాను. నాకు బుద్ధి లేదు. తర్వాత మళ్ళీ ఒకసారి నీళ్ళకి ఆగి, మళ్ళీ వెళ్ళి, అందరూ అయిపోయాక, జనం గొడుగులు వేసుకుని బస్సు వైపు నడుస్తుండగా, ఆ తెల్ల అగ్గిపెట్టె దగ్గుకుంటూ దగ్గుకుంటూ మలుపు తిరిగింది. జెండా ఊపే ఆయన అప్పటికే జెండా చుట్టేస్తున్నాడు. నేను చూసుకుంటే పరిగెత్తుతున్నాను, "విప్పండి, విప్పండి" అంటూ. ఆయన విప్పి ఒక్కసారి ఊపాడు. దాని కింద నుంచి వచ్చాడు మా బావ. ఈ కళ్ళతో చూశాను.

తర్వాత మైకులో ఫలితాలు చదివారు. అందరి పేర్లూ చదివారు. ఇసుకలో ఆగిపోయిన హిరుకావా పేరూ చదివారు, ఆగిపోయాడని. మునకాతా అన్న పేరే లేదు. లెక్కలు రాసే గది మేడమీద ఉంటే, పైకెళ్ళి అడిగాం. చుట్లు లెక్కపెట్టే ఆయన బడిపంతులులా ఉన్నాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మీ నంబరెంత?" అన్నాడు. కిందికి చూశాం. వాన మసినీ పాలిషునీ మొత్తం కడిగేసింది. పెళ్ళికూతురిలా తెల్లగా మెరిసిపోతోంది కారు. "నంబరు లేని బండికి చుట్లెలా లెక్కపెడతామండీ? తెల్లబండి ఒకటి అందరి వెనకాల మెల్లగా తిరుగుతుంటే అంబులెన్సు అనుకున్నాం" అన్నాడు. ఎగతాళి చెయ్యడం లేదు పాపం, నిజంగానే అనుకున్నారట. "అయితే నేను రేసులో?" అన్నాడు బావ. "మా లెక్క ప్రకారం మీరు బయల్దేరలేదండి." నేను చొక్కా చేతులు పైకి మడిచాను, గొడవ పెట్టుకుందామని. మా బావ మాత్రం వంగి, "అలాగా. శ్రమ ఇచ్చాను" అని దిగి వచ్చేశాడు. వచ్చి ఏం చేశాడనుకున్నావు? మా లారీ తీసుకెళ్ళి హిరుకావా కారుని ఇసుకలోంచి లాగాడు. ఆ ముగ్గురి బూట్లు పాడవుతాయని కాబోలు, వాళ్ళు దూరం నుంచి సలహాలిచ్చారు.

సాయంత్రానికి ఇంటికి చేరాం. అక్క గుమ్మంలోనే ఉంది. "జెండా?" అంది. "దాటాను" అన్నాడు. ఆ ఒక్క మాట అని, తడి బట్టలతోనే వెనక్కి వెళ్ళి పొయ్యి వెలిగించాడు. కాయితం పీకేసి తలుపులు తీశాం. వాన రోజు కదా, జనం కిటకిట. నేనూ అందరితో పాటు పెద్ద తొట్టిలో దిగాను, ఒళ్ళంతా నొప్పులు. అప్పుడు వచ్చాడు హిరుకావా. మెడదాకా నీళ్ళలో దిగి, తల మీద తువ్వాలు మడిచి పెట్టుకుని, ఊరంతా వినేలా మొదలెట్టాడు. "విన్నారా? మునకాతా గారు అసలు రేసులోనే లేరట! అంబులెన్సట!" ఒకటే నవ్వులు. పైకప్పు కింద ఆ నవ్వులు ఎలా మోగుతాయో నీకు తెలీదు. తనని ఇసుకలోంచి లాగిందెవరో మాత్రం చెప్పలేదు. నేను లేచి, "దాటాడు, నేను చూశాను" అన్నాను. "బావమరిది చూశాడంట!" మళ్ళీ నవ్వులు. ఒంటిమీద గుడ్డ లేకుండా నిలబడి ఎంత వాదించగలను చెప్పు.

అప్పుడు పీట మీద నుంచి అక్క మాట్లాడింది. గొంతు పెంచలేదు. "హిరుకావా గారూ, ఇన్నాళ్ళూ మా ఆయన రేసు నుంచి వచ్చినప్పుడల్లా నాకు అన్నం పెట్టనిచ్చేవారు కాదు. గాలి ఇటు వీచింది, ముందువాడు అడ్డొచ్చాడు, పెట్రోలు మంచిది కాదు, వినలేక చచ్చేదాన్ని. ఇవాళ ఒక్క సాకూ చెప్పలేదు. దాటాను అన్నారు, పొయ్యి దగ్గరికి వెళ్ళారు. ఆయన దాటారు. మీరు ఒంటిమీద సబ్బు కడుక్కోకుండానే అందరి తొట్టిలో దిగారు, బయటికొచ్చి కడుక్కోండి" అంది. కాసేపటికి కాళ్ళ కింద నీళ్ళు వేడెక్కడం మొదలైంది. ఇంకా వేడెక్కాయి. గోడ అవతల చెక్కలు విరుగుతున్న చప్పుడు, ఫట్ ఫట్ మని. ఆ కిటికీలోంచి ఆయనకి అన్నీ వినబడతాయి కదా! హిరుకావా ఉడికిన ఆక్టోపస్‌లా ఎర్రగా అయిపోయి ఎగిరి గట్టున పడ్డాడు. నేనూ పడ్డాననుకో. నేనేం చేశాను మధ్యలో?

కారు అమ్మలేదు. ఆ తర్వాత కూడా వెళ్ళేవాడు, ఏడాదికోసారి, రెండుసార్లు. మళ్ళీ ఎప్పుడూ చివరిదాకా రాలేదు. సాకులు మాత్రం పుష్కలంగా వచ్చేవి. ఆయన చనిపోయినప్పుడు ఊళ్ళో సగంమంది వచ్చారు, హిరుకావా కూడా, కొత్త బూట్లేసుకుని. అక్క ఏడవలేదు. అందరికీ టీ ఇచ్చింది. దహనం దగ్గర మాత్రం, లోపలికి పంపే ముందు, ఆ పనివాళ్ళ దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగింది, "మంట సరిగ్గా ఉందా? మా ఆయనకి నచ్చదు, సరిగ్గా లేకపోతే..."

...

కళ్ళు మూసుకో. నుదుటి మీద కత్తిరిస్తున్నా, వెంట్రుకలు పడతాయి. చెవుల పక్కన ఇంకా తగ్గించనా, ఇలా ఉంచనా?