ఒత్తిగిలడానికి చోటు

పంతొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం, ఆగస్టు పంతొమ్మిదవ తేదీ, సోమవారం ఉదయం, మన విమానయాన సంస్థలో విమానాలు నిలిపే హ్యాంగరు వెనుకనున్న కుట్టుగదిలో, సీటు తొడుగుల విభాగపు సహాయకురాలిగా మన మాన్య సహోద్యోగిని ఉద్యోగంలో చేరారు. చేరిన రోజున వారికి కూర్చోవడానికి కుర్చీ లేదట. మూలన పడి ఉన్న పాత విమానం సీటొకటి లాక్కుని కూర్చున్నారట, సాయంత్రానికి నడుము పట్టేసిందట. "దీనిమీద జనాన్ని సముద్రాలు దాటిస్తున్నామా!" అని ఆ మొదటి రోజే గట్టిగా అన్నారని నాటివారు నేటికీ చెప్పుకుంటారు. క్యాబిన్ సౌకర్య విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న ఈ శుభసందర్భంలో కూడా ఆ నడుమునొప్పిని వారు మరువలేదు, మమ్మల్ని మరువనివ్వలేదు.

కుట్టుగదిలో గుడ్డ నాణ్యతనూ స్పాంజి మెత్తదనాన్నీ చేతివేళ్ళతో పసిగట్టే నేర్పు సంపాదించి, తదుపరి క్యాబిన్ తనిఖీ అధికారిణిగా, ఆపైన విభాగాధిపతిగా అంచెలంచెలుగా ఎదిగిన వారిని హ్యాంగరులో అందరూ "కుర్చీ మేడం" అనే పిలుస్తారు. కుర్చీ కోసం పాకులాడేవారిని చాలామందిని చూశాం గాని, కుర్చీని ఇంతగా ప్రేమించినవారిని మరొకరిని చూడలేదు. ఇక నా సంగతి. కొత్త విమానాలను అనుకున్న తేదీకి రప్పించడం నా బాధ్యత, వచ్చిన విమానంలో మనిషి సుఖంగా కూర్చునేలా చూడటం వారి బాధ్యత. ఈ రెండింటికీ ఉప్పూ నిప్పూ అని మొదటి వారంలోనే తేలిపోయింది. నేను "త్వరగా" అంటాను, వారు "ఆగండి" అంటారు. ఇన్నేళ్ళూ మా స్నేహం ఆ రెండు మాటల మధ్యనే వర్ధిల్లింది.

వారి పని పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పి తీరాలి. కొత్త సీటులో కూర్చోబెట్టిన మనిషిని "సీటెలా ఉంది?" అని వారెన్నడూ అడగలేదు. "అడిగితే ఎవరైనా బాగుందనే అంటారండీ. చుట్టాలింట్లో కూరెలా ఉందంటే ఏమంటాం?" అనేవారు. అందుచేత ఆ మనిషిని మెల్లగా కబుర్లలోకి దించేవారు. పెద్దమ్మాయి చదువో, పక్కింటివాళ్ళ కుక్కో, మేడమీద కారుతున్న నీళ్ళ ట్యాంకో, ఏదైనా సరే. చెబుతున్నవారు నడుము సవరించుకోకుండా, మాట తెగకుండా కథ ముగిస్తే సీటు నెగ్గినట్టు. మధ్యలో మాట ఆగిందా, సీటు ఓడినట్టే. ఈ పరీక్షల పుణ్యమా అని మా కార్యాలయంలో ఎవరి ఇంటి గుట్టూ ఎవరికీ గుట్టు కాకుండా పోయింది.

గత సంవత్సరం మన సంస్థ ఒకే నడవా ఉండే కొత్త న్యారో బాడీ విమానాలకు ఆర్డరిచ్చింది. సన్నని విమానమే అయినా దూరప్రయాణం చేయగలదు కనుక, దాని బిజినెస్ క్లాసులో పూర్తిగా పక్కలా పరుచుకునే సీట్లు అమర్చాలని నిశ్చయించారు. చోటు తక్కువ కావడంతో ప్రతి సీటు చుట్టూ తొట్టిలాగా గోడ కట్టి, కాళ్ళు ముందు సీటు కిందికి చాపుకునేలా రూపొందించారు. మొదటి విమానం తమ పదవీ విరమణకు ముందే రావాలని మేడం ఎంతగానో ఆశపడ్డారు. "ఇన్నేళ్ళూ ఈ సీట్లలో నేలమీదే కూర్చున్నానండీ. ఒక్కసారి నేను చూసి పెట్టించిన సీట్లో గాల్లో ఎగిరి, దిగి, ఉద్యోగానికి దండం పెట్టేస్తాను," అని నాతో అన్నారు. తేదీ తప్పనివ్వనని నేను మాటిచ్చాను.

నమూనా సీటు వచ్చింది. పొడుగువారు, పొట్టివారు, లావుపాటివారు అందరూ పడుకుని కబుర్లు చెప్పారు. ఒక్కరి మాటా ఆగలేదు. మేడం సంతకమొక్కటే తరువాయి. అయితే అందరూ పరీక్షకు వచ్చినవాళ్ళలా చేతులు పొట్టమీద పెట్టుకుని, వెల్లకిలా, బుద్ధిగా పడుకున్నారన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు, మేడంకూ తట్టలేదు.

ఆ సాయంత్రం తమ అత్తగారిని కంటి ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువెళుతూ మేడం హ్యాంగరు దగ్గర ఆగారు. ఆ పెద్దావిడ కథ మొదలుపెడితే ఆపడం కట్టుకున్న ఆయన తరమే కాలేదని ప్రతీతి. "కాసేపు నడుం వాలుస్తాను," అంటూ నమూనా సీటులో పడుకుని, తమ తోటికోడలు అలిగి పుట్టింటికి బయలుదేరి, కోపంలో వేరే రైలెక్కిన వృత్తాంతం ఎత్తుకున్నారు. "రైలు కదిలాక చూసుకుంటే, ఎదుటి సీట్లో ఎవరున్నారనుకున్నావ్?" అంటూ కోడలి వైపు తిరగబోయారు. మోకాలు ఠప్పుమని గోడకు కొట్టుకుంది. మాట ఆగిపోయింది.

"ఏమే అమ్మాయ్, ఇందులో ఒత్తిగిలడానికి చోటేదే? మనిషన్నాక రాత్రంతా కొయ్యబొమ్మలా పైకి చూస్తూ పడుంటాడా? ఇంతకీ ఇది పక్కా, పాడెనా?"

మేమంతా పగలబడి నవ్వాం. మేడం నవ్వలేదు. తామే ఎక్కి పడుకుని, ఇటొకసారి అటొకసారి ఒత్తిగిలి చూసి, మోకాలు రుద్దుకుంటూ దిగారు. "అత్తయ్య చెప్పింది నిజమేనండీ. నేను సంతకం పెట్టను," అన్నారు.

గోడను మార్చాలంటే నెలలు పడుతుంది, మొదటి విమానం వారి పదవీ విరమణ దాటాకే వస్తుంది. ఆ మాటే చెప్పాను. "మేడం, మీ ఆశ మీద మీరే నీళ్ళు పోసుకుంటున్నారు," అని కూడా అన్నాను. మరునాడు సంస్థ పెద్దాయన సమక్షంలో సమావేశం జరిగింది. సీట్ల తయారీదారుల ప్రతినిధి చిరునవ్వుతో, "ప్రయాణికులు కొంచెం సర్దుకుంటారు మేడం," అన్నాడు.

"సర్దుకోమనడానికి మనమేమన్నా చుట్టాలకి చాపలు పరుస్తున్నామా బాబూ?"

పెద్దాయన నచ్చజెప్పబోయారు. "ఈ ఒక్క విమానానికీ ఒప్పుకోండి, తర్వాతవాటికి మారుద్దాం. మీ చేతులతోనే రిబ్బన్ కత్తిరించి, మొదటి ప్రయాణంలో మీరే వెళ్ళండి."

"రిబ్బన్‌కి నేనెందుకు సార్, కత్తెర చాలు. నా ఒక్క సరదా కోసం అంతమంది మోకాళ్ళు పగలాలా? నాకూ వెళ్ళాలనే ఉంది. కానీ ఆ సీట్లో కూర్చుంటే నాకే నిద్రపట్టదు." పెద్దాయన నా వైపు తిరిగి, "తేదీ మార్చండి," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది, దాచడమెందుకు. తేదీ తప్పినందుకు కొంత, ఇచ్చిన మాట తప్పుతున్నందుకు అంతకు మించి.

గోడను మోకాళ్ళ దగ్గర తొలిచారు, అందుకోసం బూట్లు పెట్టుకునే అర చిన్నదైంది. తొలిచిన ఆ చోటుకు కాగితాల మీద ఏదో బారెడు పేరుంది గాని, హ్యాంగరులో అందరూ దాన్ని "అత్తగారి గూడు" అంటున్నారు. సర్దుకుంటారన్న ఆ ప్రతినిధే మొన్న ఫోనులో, "అత్తగారి గూడు కొలత ఖాయమైందండీ," అన్నాడు.

గతవారం మార్చిన నమూనా వచ్చింది. మేడం అత్తగారిని పిలిపించారు. ఆవిడ పడుకున్నారు, గోడకేసి ఒకసారి అనుమానంగా చూసి, హాయిగా కోడలి వైపు ఒత్తిగిలారు. "ఎక్కడాపానే? ఆఁ, రైలు కదిలింది. ఎదుటి సీట్లో..." అన్నారు. మాట ఆగింది. మేడం ముఖం పాలిపోయింది. వంగి చూస్తే ఏముంది, పెద్దావిడ గురక పెడుతున్నారు! ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగంలో మాట ఆగి సీటు నెగ్గడం అదే ప్రథమం. మేడం సంతకం పెట్టి, కళ్ళు తుడుచుకుని, అత్తగారికి దుప్పటి కప్పారు.

విమానం రెండు నెలల తర్వాత వస్తుంది. అప్పటికి మేడం ఉద్యోగంలో ఉండరు, అయినా మొదటి ప్రయాణంలో పక్కపక్కనే రెండు సీట్లు అత్తాకోడళ్ళ పేరిట ఉంచాం. నేనిచ్చిన మాటలో తేదీ తప్పింది గాని, సీటు తప్పలేదు. మా కుర్చీ మేడం తమ శ్రీవారితోనూ పిల్లలతోనూ సంపూర్ణారోగ్యంతో, ఏ పక్కకు ఒత్తిగిలినా కంటినిండా నిద్రపట్టే నిశ్చింతతో నిండు నూరేళ్ళు జీవించాలనీ, పెద్దావిడ అంతకు పైన మరికొన్నేళ్ళు కథలు చెబుతూనే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం. ఆ రైల్లో ఎదుటి సీట్లో ఎవరున్నారో మాలో ఎవరికీ ఇంతవరకూ తెలియదు. మేడం, విమానం దిగగానే ఫోను చేయండి.