అర్జీలో లేని కారణం

హలో… ఆ, నేనే, బసప్పను. రోంత గట్టిగా సెప్పప్పా, కళ్లంలో ఉండా. పొద్దన్నే మోడం కమ్ముకొని నాలుగు సినుకులు రాల్చి, మళ్ల ఏమనుకునిందో ఆదోని దిక్కు ఎల్లిపాయ. ఉల్లిగడ్డల మీద పట్ట కప్పేది, తీసేది… అదే పని. ఎవురు నువ్వు?

…మధుసూదన్ సారా! ఈ కళ్లం జాగా కేసులో నాతో ఓడిపోయిన తాసిల్దారు ఆఫీసోళ్లు నాకు ఫోన్ చేయడమా! సెప్పు, సెప్పు.

…తీర్పు కాపీనా? మరి మీదేమాయ?

…ఫైలే కనపడలేదా! ఓడినోళ్లకు గెలిచినోడు కాపీ ఇయ్యాలన్నమాట. ఎందుకు సారూ, పటం కట్టించుకుంటారా?

…అప్పీలా? ఇప్పుడా? ముప్పై దినాల్లో వేయాలని మా వకీలు ప్రహ్లాద్ సారు సెప్పినాడే.

…ఆర్నూట పద్నాలుగు దినాలు లేటు. దినాలన్నా బాగా లెక్కపెట్టినారు.

…మన్నించమని అర్జీ పెడితే కోర్టు మన్నిస్తాదా… మన్నిస్తాదిలే, గవర్నమెంటోళ్లది గదా. నాకైతే ఒక్క పూట మన్నించలే. ఉరుకుంద జాతర నాడు బస్సులన్నీ నిండి, ఎమ్మిగనూరులో ఒక్కటీ ఆపకపాయ. నేను కోర్టుకు పోయేసరికి పదకొండు. మూడుసార్లు పిలిచినారంట, కేసు కొట్టేసినారంట. అది మళ్ల తెరిపించేదానికి ఆరు నెలలు తిరిగినా.

…నీ మీద కోపమేముందప్పా, నువ్వు వచ్చి రెండు నెలలు. ఏదీ, అర్జీలో ఏం కారణాలు రాసినారో సదువు, ఇంటా.

…పెద్దసారు బదిలీ. ఊ.

…ఎలచ్చన్ డ్యూటీ. ఊ.

…వానకు కాగితాలు తడిసినాయా? అది యా వాన సారూ, మాకు పడలేదే!

…నగు, నగు. నీకు నగే. కోర్టు మన్నిస్తే నాకు కత మళ్ల మొదటికి. పాసుబుక్కు సేతికొస్తే ఈ కళ్లం మీద రేకుల కొట్టం వేద్దామని గుంజలు తెచ్చిపెట్టి రెండేండ్లు కావస్తాంది. నా పెండ్లాము హులిగమ్మ దినామూ అడుగుతాది, ఎప్పుడు పాతుతావని. కాపీ ఇయ్యను సారూ. ఏమన్నా అనుకో.

…ఏమీ? మెమోనా? నీకా?

…నువ్వు రాకముందు పోయిన ఫైలుకు నీకు మెమోనా!

…సాయంత్రం లోపల ఫైలన్నా కాపీ అన్నా సూపకపోతే సస్పెండా…

—

…పట్ట ఎగురుతాంది, రాయి పెడతాండా. ఉండు రోంత.

సారూ. ఆఫీసులోనే ఉండావా? నీ కుర్చీ ఎనకాల పచ్చ బీరువా ఉండాదే, కిటికీ పక్క కాలు పొట్టిది. దాని కింద ఏం పెట్టినారో వంగి సూడు.

…ఆ. ఎర్ర సిరాతో నా పేరే. పాసుబుక్కు కోసరం నెలనెలా వచ్చి ఎదురుగా బల్ల మీద కూచుంటి. ఇంకేం పని? అన్నీ సూస్తా కూచునేదే.

…ఎందుకు సెప్పలేదా? నన్ను ఎవురడిగిరి! సెప్పింటే అప్పుడే అప్పీలు వేసింటిరి.

…ఇప్పుడు మాత్రం ఎందుకంటే… నీ అన్నం పోగొట్టి నేను కొట్టం వేసుకోలేనప్పా. బీరువా లేపి ఫైలు తియ్యి. ఒక్కడివే వద్దు, నడుము పట్టేస్తాది. ఇంకిద్దర్ని పిలుసుకో.

…అబ్బా! సప్పుడు ఈడికి ఇనపడింది. వచ్చిందా?

…దుమ్ము దులుపు. పైన కాగితమేంది?

…సర్కారు వకీలుదా. సదువు, గట్టిగా.

…"జాగా బసప్పదే. అప్పీలుకు ఆధారం లేదు."

…కింద? అప్పటి పెద్దసారు సంతకమా? ఏం రాసినాడు?

…"అప్పీలు వద్దు, ఫైలు మూసేయండి." తేదీ?

…తీర్పు వచ్చిన పదైదో దినం!

—

…మళ్ల సదువు సారూ.

—

…అయితే మీరు మర్సిపోలేదు, ముగించినారు. పనైపోయిన ఫైలని బీరువా కాలికి పెట్టినారు. నేనేమో నెలనెలా దాన్ని సూసి, ఎవురన్నా కదిలిస్తారేమోనని గుండె పట్టుకొని కూచుంటి!

…కొత్త పెద్దసారు పక్కనే ఉండాడా? ఇన్నాడా? ఏమంటాడు?

…అర్జీ సించేయమన్నాడు.

…మెమో కూడా. మంచిది, మంచిది.

…అయ్యో, నాకెందుకప్పా దండం. అన్నం తింటివా?

…తినలేదా? కడుపులోకి యాడ దిగుతాదిలే ఇట్లాంటి దినం. బండేసుకొని కళ్లంకాడికే రా. హులిగమ్మ జొన్నరొట్టెల బుట్ట దించుతాంది.

…మాట్లాడేదేముంది సారూ? ఈ పొద్దుకు సాలు. కాళ్లు కడుక్కొని, ముగ్గురమూ గమ్మున కూచొని తిందాం. పెట్టేస్తాండా.