బూచీ, మీ అమ్మకి చెప్పు

పశువుల ఆస్పత్రి గది. బల్ల మీద నల్ల కుక్క. బల్లకి అటు మాస్టారు, ఇటు ఆయన భార్య, మధ్యలో డాక్టరమ్మ. బయట వాన.

"ఆగండాగండి. ఇద్దరూ ఒకేసారి చెబితే నాకేం అర్థమవుతుంది? ముందు మాస్టారు చెప్పండి."

"చెప్పడానికేముంది డాక్టరమ్మా. గురువారం సాయంత్రం దాకా బాగానే ఉన్నాడు. తోకూపాడు. ఎనిమిదింబావుకి చూస్తే తూలుతున్నాడు, తాగినోడిలా. నోటికి పంచదార నీళ్ళు రాసి, భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాను. అంతే."

"అంతేనా?"

"అంతే."

"అమ్మగారూ, మీరేమంటారు?"

"అప్పుడు నేనక్కడ లేను. ఒరేయ్ బూచీ, మీ నాన్ననడుగు, అంతకుముందు ఆయనెక్కడికి వెళ్ళారో."

"బూచీ, బయటికెళ్ళానని చెప్పు."

"అంత వానలో ఎక్కడికో అడుగు."

"పనుండి అని చెప్పు."

"ఒక్క నిమిషం. మీరిద్దరూ ఎప్పుడూ ఇలాగే మాట్లాడుకుంటారా?"

"ఇలాగంటే?"

"కుక్కతో కబురు పంపి."

"మేం మాట్లాడుకోవడం మానేసి అయిదు నెలలైంది డాక్టరమ్మా. నేను వాడితో మాట్లాడతాను, ఆయనా వాడితోనే మాట్లాడతారు. మధ్యలో ఎవరైనా వింటే నా తప్పు కాదు."

"బాగుంది. షుగర్ జబ్బు చాలదని వీడికి ఉద్యోగం కూడా ఇచ్చారన్నమాట. సరే, వినండి. పెద్ద డాక్టరుగారు సెలవులో ఉన్నారు. నేను వచ్చి మూడు రోజులే. వీడి ఫైలు ఆయన బీరువాలో ఉంది, కాంపౌండరు తాళం వెతుకుతున్నాడు. నా చేతిలో ఉన్నది మాస్టారు తెచ్చిన ఈ పాత కార్డొక్కటే. రెండేళ్ళుగా జబ్బు. పొద్దున ఏడింటికో సూది, సాయంత్రం ఏడింటికో సూది. నిజమేనా?"

"నిజమే."

"అమ్మగారూ?"

"కార్డులో అలాగే ఉంది."

"మరి చక్కెర అంతలా పడిపోయిందంటే తిండైనా మానేసి ఉండాలి, మందైనా ఎక్కువై ఉండాలి. తిన్నాడా?"

"గిన్నె కూడా నాకేశాడు."

"అయితే మందే. ఎందుకు ఎక్కువైందో తెలిసేదాకా నేను వీణ్ణి ఇంటికి పంపను. ఈసారికి లేచాడు. ఇంకోసారి ఇలాగే పడితే లేవడు. అర్థమైందా? సూది వేసేది ఎవరు?"

"ఆవిడే."

"నేనే."

"హమ్మయ్య, ఒక్క మాట దగ్గర కలిశారు."

"ఆవిడ చేతికి సూది కొత్తేం కాదు డాక్టరమ్మా. బట్టలు కుడుతుంది. వేసినట్టే తెలీదు వీడికి. చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"మెచ్చుకోళ్ళు అక్కర్లేదని చెప్పరా బూచీ."

"మీరెందుకు వెయ్యరు మాస్టారూ?"

"నాకు భయం. సూది చూస్తే చెయ్యి వణుకుతుంది. ఆవిడ వేస్తున్నంతసేపూ గోడవైపు తిరిగి నిలబడతాను."

"ఏం మాస్టారు మీరు? లెక్కలా?"

"డ్రిల్లు. ముప్ఫై రెండేళ్ళు."

"ముప్ఫై రెండేళ్ళు పిల్లల మోకాళ్ళు కడిగి కట్లు కట్టిన మనిషికి సూదంటే భయమా?"

"అది వేరు, ఇది వేరు."

"సరే. అమ్మగారూ, ఒకే ఇంట్లో ఉంటూ వీడు పడిపోయేసరికి మీరు లేకపోవడమేంటి?"

"ఒకే ఇల్లు కాదమ్మా. నేను మా చెల్లెలింట్లో ఉంటున్నా. రెండు బస్సులు మారి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వస్తా. వీడి సూది కోసం."

"అయిదు నెలలుగా? రోజూనా?"

"జబ్బు మనిషిని వదిలేస్తామా? అదే, జబ్బు కుక్కని."

"నేను పశువుల డాక్టర్నే గానీ, అడక్కుండా ఉండలేకపోతున్నా. ఎందుకు వెళ్ళిపోయారు?"

"ఈల."

"ఈలా?"

"రిటైరయ్యారు. ఊదడానికి పిల్లల్లేరు. ఇంట్లో మొదలెట్టారు. లేవడానికో ఈల, తినడానికో ఈల. ఒకరోజు కొలతలివ్వడానికి వచ్చినావిడ ముందు, నేను నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని ఉంటే, వెనక నుంచి కాఫీకి ఈల! అవి మింగనందుకు సంతోషించాలి. మర్నాడే కుట్టు మిషను ఆటో ఎక్కించుకుని వెళ్ళిపోయా."

"ఆ ఈల అటకెక్కించానని చెప్పరా బూచీ. అయిదు నెలలైంది ఊది."

"అటకెక్కిస్తే నిచ్చెనేసుకుని దించచ్చు. అవతల పారెయ్యమని చెప్పు."

"ఈలకి నా దగ్గర మందు లేదు. మాస్టారూ, మీ చంకలో ఆ పుస్తకమేంటి?"

"ఇదా? వీడి పుస్తకం. పెద్ద డాక్టరుగారు రాయమన్నారు. రోజూ ఎన్ని నీళ్ళు తాగాడు, ఎన్నిసార్లు పోశాడు, అవీ ఇవీ."

"ఇటివ్వండి. అబ్బో, స్కేలుతో గళ్ళు కూడా గీశారే. 'నీళ్ళు మూడు గిన్నెలు. మూత్రం అయిదుసార్లు. కొంచెం దగ్గు.' దగ్గెప్పుడొచ్చింది వీడికి?"

"వీడికి కాదు."

"మరి?"

"ఆవిడకి. పుస్తకం ఇటిచ్చెయ్యండి డాక్టరమ్మా."

"ఉండండి. 'నీళ్ళు రెండు గిన్నెలు. ఏడూ రెండుకి వచ్చింది. ఇవాళ నవ్వింది.' ఇదీ వీడి సంగతి కాదన్నమాట. 'మూత్రం నాలుగుసార్లు. ఏడూ పదికి వచ్చింది. చెప్పు తెగింది. తలుపు పక్కన కొత్త జత పెట్టాను. చూడలేదు.'"

"ఆ చెప్పులు నాకా? ఎవరో చుట్టాలొచ్చారనుకున్నా. బూచీ, అనుకున్నానని చెప్పు."

"చుట్టాలు రెండు వారాలు గుమ్మంలోనే ఉంటారా అని అడుగు."

"వినండి! గురువారం సాయంత్రం గడి ఖాళీగా ఉంది. పుస్తకం మొత్తంలో ఇదొక్కటే ఖాళీ. ఏం మాస్టారూ?"

"మర్చిపోయాను."

"చెప్పు తెగితే రాశారు, వీడు పడిపోతే మర్చిపోయారా?"

"పెన్నులో ఇంకు అయిపోయింది."

"తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట. మాస్టారూ, నన్ను చూడకండి. వీణ్ణి చూడండి. వీడి మొహం చూస్తూ చెప్పండి, ఏమైంది ఆ సాయంత్రం?"

"నేను వేశాను."

"ఏం వేశారు?"

"సూది."

"చెయ్యి వణకలేదా?"

"నా చెయ్యి ఎప్పుడు వణికింది గనక? ఆ రోజు కుండపోత. ఏడున్నరైనా ఆవిడ రాలేదు. మందు వేళ దాటిపోతోంది. ఫ్రిజ్‌లోంచి తీసి వేసేశాను. వేసి, ఆవిడ బస్‌స్టాపులో తడుస్తూ ఉంటుందని గొడుగు తీసుకుని వెళ్ళాను."

"ఈలోగా ఆవిడొస్తే? సూది అయిపోయిందని ఆవిడకెలా తెలుస్తుంది? చీటీ రాసి పెట్టారా?"

"చెప్పాను."

"ఎవరికి?"

"వీడికి. 'బూచీ, మీ అమ్మకి చెప్పు, సూది అయిపోయిందని' అని చెప్పి తలుపేసుకుని వెళ్ళాను."

"మాస్టారూ!"

"అలవాటైపోయిందమ్మా! ఏం చెప్పాలన్నా వీడికే చెప్పి చెప్పి. బస్‌స్టాపులో పావుగంట నిలబడ్డాక గానీ బుర్ర వెలగలేదు, వీడికి నోరు లేదని. వెనక్కి పరిగెత్తాను. గుమ్మంలో తడి అడుగులు. ఆవిడ వచ్చి వెళ్ళిపోయింది. వీడు తూలుతున్నాడు."

"నేను వెనక సందులోంచి ఆటోలో వచ్చా. నా తాళంతో తలుపు తీశా. ఇల్లంతా ఖాళీ. అన్ని నెలల్లో మొదటిసారి, నా కోసం ఎవరూ... వీడి కోసం ఇంట్లో ఎవరూ లేరు. ఒళ్ళు మండి వెళ్ళిపోయా."

"సూది వేసి వెళ్ళిపోయారు."

"వెళ్ళిపోయా."

"ఇదీ కథ. ఒక పూటకి రెండు సూదులు. కుక్క కబురు చెబుతుందని నమ్మిన మనుషుల్ని నా సర్వీసులో చూడలేదు. అయినా మాస్టారూ, వెయ్యడం వచ్చిన మనిషి ఇన్నాళ్ళూ భయమని ఎందుకు చెప్పారు?"

"నాకొచ్చని తెలిస్తే ఇంక ఆవిడెందుకొస్తుంది?"

"అమ్మగారూ, ఏంటలా ఉన్నారు?"

"ఏం లేదు. వీడి చెవి గోకుతున్నా."

"నాకొకటే కొరుకుడు పడట్లేదు. ఒకదాని మీద ఒకటి రెండు సూదులు పడి ఉంటే, వీడు రెండో రోజుకే నా జేబులో బిస్కెట్టు వాసన పట్టేవాడు కాదు. ఎక్కడో ఏదో... ఆ, ఫైలు దొరికిందా? ఇలా ఇవ్వవయ్యా, థాంక్స్."

"ఫైలెందుకులే డాక్టరమ్మా. సంగతి తేలిపోయిందిగా. వాన పెద్దదయ్యేలా ఉంది, వీణ్ణి తీసుకుని బయల్దేరతాం."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది అమ్మగారూ. కూర్చోండి. ఆఖరి పేజీ... 'మందు మార్చాం. కొత్త మందు ఇరవైనాలుగు గంటలు పనిచేస్తుంది. ఇక రోజుకి ఒక్కసారే, పొద్దున. సాయంత్రం సూది పూర్తిగా ఆపెయ్యాలి. ఇంటావిడ వచ్చి మందు తీసుకెళ్ళారు. అన్నీ ఆవిడకి చెప్పాను.' నెల పైనే అయింది ఇది రాసి."

"ఆపెయ్యమన్నారా? మరి నెల రోజులుగా సాయంత్రంపూట..."

"అమ్మగారూ, సాయంత్రంపూట వీడికి ఏం వేస్తున్నారు?"

"ఏమీ లేదు."

"ఏమీ లేదంటే?"

"సూది మూత తియ్యను. చర్మం పట్టుకుని ఊరికే నొక్కి, 'అయిపోయింది' అంటా. వీడికి బిస్కెట్టు పెడతా. గురువారం అది కూడా చెయ్యలేదు. చూడ్డానికి ఎవరున్నారు గనక?"

"మాస్టారూ, నెల రోజులు మీ కళ్ళముందే మూత తియ్యకుండా నొక్కుతుంటే మీరు చూడలేదా?"

"గోడవైపు తిరిగి ఉంటాను కదమ్మా. భయం కదా నాకు."

"లేని భయం!"

"లేనిదైనా మొదలెట్టాక కొనసాగించాలిగా."

"దేవుడా. అమ్మగారూ, ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఎందుకు దాచారు?"

"సాయంత్రం సూది లేదంటే, సాయంత్రం రావడానికి నాకు వంకేదమ్మా? పొద్దున ఆయన పేపర్లో తల దూర్చుకుని ఉంటారు. సాయంత్రమే కాస్త మనిషిలా ఉంటారు. వీడి గిన్నె కడుగుతూ, వీడికి ఆ రోజు సంగతులన్నీ చెబుతారు. నేను విననట్టు వింటూ కూర్చుంటా. దానికోసం... దానికోసం వీణ్ణి చంపేదాన్ని. నోరు విప్పి చెప్పి ఉంటే, పొద్దుటి మందు ఇంకా పనిచేస్తుండగా ఆయన ఆ సూది వేసేవారే కాదు. తప్పంతా నాదే."

"నీది కాదని చెప్పరా బూచీ. నాకు చెయ్యి వణకదని చెప్పి ఉంటే ఈ గొడవే లేదు. తప్పు నాదని చెప్పు."

"నాదే అని చెప్పు."

"వాడి ప్రాణం తియ్యకండి! ఇద్దరిదీ. సరిగ్గా చెరి సగం. కుక్కతోక వంకరని లోకమంతా ఆడిపోసుకుంటుంది గానీ, ఈ గదిలో తిన్నగా ఉన్నది వీడి తోకొక్కటే. సరే, వినండి. ఇంటికి పంపిస్తున్నా. రోజుకి ఒక్కటే సూది, పొద్దున ఏడింటికి. ఒక్కరి చేతి మీదుగానే జరగాలి. ఎవరి పేరు రాయమంటారు?"

"నా పేరు రాయండి డాక్టరమ్మా. నేనే వేస్తాను. దొరికిపోయానుగా, ఇంక భయమెందుకు."

"ఖాయమేనా?"

"ఖాయమే. ఒరేయ్ బూచీ, మీ అమ్మకి చెప్పు. ఇంక ఆవిడ రెండేసి బస్సులు మారి రావాల్సిన పని లేదు. వానలో తడవక్కర్లేదు. నీ సంగతి నేను చూసుకుంటానని చెప్పు. జాగ్రత్తగా చూసుకుంటానని... చెప్పరా."

"ఏమండీ."

"అయ్యో మాస్టారూ, పిలుస్తున్నది నన్ను కాదు. మిమ్మల్ని."

"నన్నా?"

"మిమ్మల్నేనండీ. ఆ గోడవైపు తిరక్కండి, ఇటు చూడండి. వాడితో కబురంపింది ఇంక చాలు. గొడుగు తెచ్చారా?"

"తెచ్చాను. రెండు తెచ్చాను."

"ఒకటి ఇక్కడే డాక్టరమ్మకి ఇచ్చేసి రండి. నేను వీణ్ణి ఎత్తుకుంటా. మీకో చెయ్యి ఖాళీగా ఉండాలి, ముందు మా చెల్లెలింటికి వెళ్ళి నా మిషను ఆటో ఎక్కించాలి."