మేస్త్రీ కట్టిన తాడు

"నేను చేసింది ఘనకార్యమేమీ కాదు. తాడు కట్టాను, అంతే. బొటనవేలంత లావు నైలాను తాడు. సందు మొదట్లో ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి లాగి, రెండు చుట్లు చుట్టి ముడి వేశాను. లోపల ముప్ఫై ఒక్క ఇళ్లు, నూట నలభై రెండు మంది. బయట నేనొక్కణ్ణి. చేతిలో ఈల, చంకలో రిజిస్టరు. అంతే మరి!"

మేస్త్రీ "అంతే" అన్నాడంటే అసలు కథ అప్పుడే మొదలవుతుందని టీ కొట్టు దగ్గర అందరికీ తెలుసు. పురపాలక సంఘంలో ముప్ఫై ఏళ్లు పారిశుధ్యం మేస్త్రీగా చేసి నిరుడు దిగిపోయాడు. జబ్బు ఊరంతా పాకిన రోజుల్లో సందులు మూసి కాపలా కాసిన వాళ్లలో ఆయనొకడు. ఆఫీసుకి ఎదురుగానే ఈ కొట్టు. ఉద్యోగం అయిపోయినా మధ్యాహ్నమయ్యేసరికి కాళ్లు ఇటే లాక్కొచ్చేవి.

ఆ రోజు బల్ల మీద ఆయన పక్కన దర్జీ, ఆ పక్కన డ్యూటీ దిగిన బస్సు కండక్టరు ఉన్నారు. బల్ల చివర, ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే ఆవిడ కూర్చుంది. సబ్బునీళ్లకి చేతులు పాలిపోయి ఉన్నాయి. ఒళ్లో ఒక కాగితం, దాని మీద పెన్ను. టీ చెప్పలేదు.

ఆవిడ ఎందుకొచ్చిందో కొట్టతనికి తెలుసు, దర్జీకి తెలుసు, మేస్త్రీకి అందరికంటే బాగా తెలుసు. ఆవిడ భర్త కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆ సందులోనే పదిహేడో ఇల్లు. జబ్బు రోజుల్లో పోయాడు. కానీ మేస్త్రీ రిజిస్టరులో అతని పేరు పక్కన 'పరారీ' అని రాసి ఉంది. కట్టడి తప్పించుకొని పారిపోయాడని, ఎక్కడో తిరిగి జబ్బు మోసుకొచ్చి ఇంట్లో పడి చచ్చాడని దాని అర్థం. తాడు విప్పాక పక్కింటి ముసలావిడ పోతే అదీ అతని నెత్తిన వేశారు. ఇప్పుడు ఆఫీసు ఆవరణలో, జబ్బుతో పోయినవాళ్ల పేర్లు చెక్కి ఒక రాతి పలక నిలబెడుతున్నారు. పరారీ అయినవాళ్ల పేర్లు దాని మీదికి ఎక్కవు. తప్పులుంటే దిద్దుకోవడానికి గడువు ఆ రోజు సాయంత్రం ఐదింటి వరకే. కాపలా కాసిన మనిషి తన చేత్తో రాసిస్తే తప్ప ఆ మాట కొట్టెయ్యడం కుదరదని గుమస్తా తేల్చి చెప్పాడు.

మూడు నెలలుగా ఆవిడ తిరుగుతోంది. మూడు నెలలుగా మేస్త్రీ "చూద్దాంలే అమ్మాయ్" అంటున్నాడు. ఇవాళ మాత్రం, "కూర్చో, ఈ ముక్క చెప్పేసి చూస్తా" అన్నాడు. నాలుగుంబావు అయింది.

"మొదటి రోజే ఒక కాంట్రాక్టరు వచ్చాడు," అన్నాడు మేస్త్రీ. "లోపల వాళ్ల అత్తగారి ఇల్లు. కారు దిగి, నేనెవరో తెలుసా అన్నాడు. తెలీదండీ, మీకు గుర్తులేకపోతే ఇంటికెళ్లి అడిగి రండి అన్నాను."

కండక్టరు పెద్దగా నవ్వాడు. "వెళ్లాడా?"

"వెళ్లక! కారు వెనక్కి తిప్పడానికి చోటు లేదు. రివర్సులోనే మెయిన్ రోడ్డు దాకా పోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కబురు ఊరంతా పాకి, ఇక కార్లేవీ మా సందు వైపు చూడనే లేదు. బస్సులు కూడా చుట్టు తిరిగి పోయేవి."

"మా బస్సు ఆ సందులోకి ఎప్పుడూ రాదు కదండీ," అన్నాడు కండక్టరు.

"అదే చెబుతున్నా. ఎప్పుడూ రాలేదు."

దర్జీ మీసాల చాటున నవ్వుకొని, "ఇరవై ఒక్క రోజులూ ఒక్కరేనా కాపలా? నిద్రో?" అన్నాడు.

"నిద్రా! వీపు స్తంభానికి ఆనించి, ఒక కన్ను మూసి రెండో కన్ను తెరిచి ఉంచేవాణ్ణి. మూడు గంటలకోసారి కళ్లు మార్చేవాణ్ణి. వారం తిరిగేసరికి కళ్లకే అలవాటైపోయింది, వాటికవే మారేవి. పొద్దున్న ఆరు కొట్టగానే ఈల. ఈల పడగానే ప్రతి ఇంటి కిటికీలోంచి చేతులు బయటికి రావాలి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చేతులు. తాడు దగ్గరే నిలబడి లెక్క పెట్టుకొనేవాణ్ణి. మనిషిని ముట్టుకొనే పని లేదు, గుమ్మం ఎక్కే పని లేదు. ఆ పద్ధతి కనిపెట్టిందే నేను. పైవాళ్లు చూసి ఊరంతా పెట్టించారు."

"వరసగా రెండు పొద్దులు చెయ్యి కనబడకపోతే?" అంది ఆవిడ.

నోరు విప్పడం అదే మొదలు. మేస్త్రీ ఆవిడ వైపు చూడకుండా గ్లాసులో అడుగునున్న టీ తాగాడు.

"రూలు ప్రకారం రాయాలి. అది వేరే సంగతి. ఈల సంగతి చెబుతున్నా కదా! మామూలు ఈలా అది? నేనిక్కడ ఊదితే మూడు వీధుల అవతల మాస్కు లేనివాడు చొక్కా పైకి లాగి ముక్కు మూసుకొనేవాడు. లోపల ఒక కోడలు నెలలు నిండి ఉంది. నా ఈల వినగానే కడుపులో బిడ్డ చెయ్యి పైకెత్తిందని ఆ పిల్లే చెప్పింది. లెక్కలో రాయాలా వద్దా అని నాకు పెద్ద సందేహం వచ్చింది."

కొట్టతను పాలు పొంగకుండా గిన్నె దించి, "మరి రాశారా?" అన్నాడు.

"పుట్టనీ, అప్పుడు చూద్దాం అనుకున్నా. గాలి సంగతి విన్నారా మీరు? పదో రోజు పెద్ద గాలి లేచింది. రేకులు ఎగిరిపోతున్నాయి. నేను తాడు ఇవతల నిలబడి చెయ్యి అడ్డం పెట్టాను. నా మాట నమ్మండి, ఇటు వైపు తీగల మీద బట్టలు ఎగిరెగిరి పడుతున్నాయి, అటు వైపు తీగల మీద చీర కొంగు కూడా కదల్లేదు. గాలి వచ్చి తాడు దగ్గర కాసేపు నిలబడి, వచ్చిన దారినే పోయింది."

"అదేంటి మేస్త్రీ గారూ, గాలి ఆడకపోతే లోపలివాళ్లు ఏమైపోతారు?" అన్నాడు దర్జీ.

"పీల్చుకొనేంత వదిలాన్లే."

ఈసారి నవ్వు అంత బిగ్గరగా రాలేదు. కండక్టరు ఓరగా బల్ల చివరికి చూసి మూతి తుడుచుకున్నాడు. ఎదురుగా ఆఫీసు గోడ గడియారంలో ముల్లు నాలుగున్నర దాటింది. అది చూసింది ఆవిడొక్కతే కాదు, మేస్త్రీ కూడా చూశాడు. చూసి గొంతు పెంచాడు.

"అసలుది ఇంకా చెప్పలేదు. పద్నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం అదే వచ్చింది."

"ఏది?"

"జబ్బు. అదే స్వయంగా. ఎలా ఉందనుకున్నారు? మనలాగే. తెల్లచొక్కా, మాసిన మొహం, ఊరంతా తిరిగి తిరిగి అలిసిపోయి ఉంది. లోపలికి పోవాలి అంది. చీటీ ఉందా అన్నాను. లేదంది. చీటీ లేకుండా ఎవరినీ వదలను, ఆ ఎదురుగా ఆఫీసులో మూడో కౌంటరు దగ్గర దరఖాస్తు పెట్టి, కమిషనరు గారి సంతకం వేయించుకొని రా అన్నాను. సరేనని పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇప్పటికీ ఆ కౌంటరు దగ్గరే నిలబడి ఉండుంటుంది. మళ్లీ నా తాడు దగ్గరికి రాలేదు!"

కొట్టతనికి నవ్వు ఆగలేదు. ఆ కౌంటరు దగ్గర అతనూ నిలబడినవాడే. దర్జీ తొడ మీద చరుచుకున్నాడు. ఆవిడ మాత్రం కాగితం మడత విప్పి, మోకాలి మీద అరచేత్తో సాపు చేసింది.

"బాబాయ్ గారూ," అంది. "అంటే మీ తాడు ఎవరూ దాటలేదు."

"చీమ కూడా దాటలేదమ్మాయ్. చీమలు వరసకట్టి వచ్చాయి ఒకసారి. తాడు నీడ చూసి వెనక్కి మళ్లాయి."

"అది సందు మొదట్లో కదా. వెనక గోడ వైపు నుంచో?"

"వెనకా! ఆ గోడ మీద గాజుపెంకులు నేనే గుచ్చించాను. పిల్లి దూకాలన్నా ముందు నాకేసి చూసేది. కూర్చో అంటే కూర్చొనేది."

"సందు చివర?"

"మూడు నిలువుల ఎత్తు రేకులు కొట్టించాను. పక్షి ఎగరాలన్నా మెడ నొప్పి పెట్టి దిగిపోయేది."

"చీకట్లో కళ్లు కప్పి ఎవరైనా..."

"నా కళ్లా? చెప్పాగా, ఒకటి ఎప్పుడూ తెరిచే ఉండేది!"

"చివరి రోజు తాడు విప్పినప్పుడు లోపల ఎంతమంది?"

"నూట నలభై రెండు!" మేస్త్రీ బల్ల మీద చరిచాడు. "మొదటి రోజు ఎందరో చివరి రోజూ అందరే. ఒక్క తల తగ్గితే ఈ మీసం ఇక్కడే, ఈ కొట్టు ముందే తీయించుకుంటా."

"మరి మా ఆయన ఎట్నుంచి పారిపోయాడు?"

ఎవరూ నవ్వలేదు.

మేస్త్రీ నోరు తెరిచాడు. గోడ అనబోయి ఆగాడు. రేకులు అనబోయి ఆగాడు. కండక్టరు బూటు లేసు కట్టుకోవడానికి వంగి, కట్టుకోవడం అయినా లేవలేదు.

"రూలు అది," అన్నాడు మేస్త్రీ చివరికి. గొంతు తగ్గింది. "పంతొమ్మిదో రోజు చెయ్యి రాలేదు. ఇరవయ్యో రోజూ రాలేదు. రాయక తప్పలేదు."

"రాశారు. మైకులో పేరు పెట్టి పిలిపించారు. బస్టాండులో వెతికించారు. ఆస్పత్రివాళ్లు నన్ను లోపలే ఉంచేశారు కదా, దుప్పట్లు ఉతుకుతూ ఆ మైకు నేనూ విన్నాను. ఇరవై రెండో రోజు వదిలారు. తలుపు లోపల గడియ వేసి ఉంది. వడ్రంగిని పిలిచి తీయించాను." ఆవిడ గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "మంచానికీ కిటికీకీ మధ్య నేల మీద ఉన్నాడు. కుడి చెయ్యి కిటికీ వైపు చాపి ఉంది. మీ ఈల విన్నాడు బాబాయ్ గారూ. లెక్కకి వద్దామనే లేచాడు."

దర్జీ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నేను మీ మీద ఫిర్యాదు చెయ్యడానికి రాలేదు," అంది ఆవిడ, కాగితమూ పెన్నూ ఆయన ముందు పెట్టి. "మిమ్మల్ని ఎవరేమన్నా నాకు ఒరిగేదేం లేదు. నలుగురి ముందూ ఇప్పుడు మీరు చెప్పిందే రాయండి. తాడు ఎవరూ దాటలేదని. అది చాలు."

"అది రాస్తే అతను లోపలే ఉన్నట్టవుతుంది," అన్నాడు మేస్త్రీ.

"ఉన్నాడు."

"లోపలే ఉన్న మనిషిని నేను..."

పెన్ను తీసుకున్నాడు, మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. ముప్ఫై ఏళ్లు ఊరి చెత్త ఎత్తించిన చేతులవి.

"తాడు నుంచి ఆ ఇంటికి అరవై అడుగులు," అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. "మా ఇంట్లో ఇద్దరు మనవలు. నేను జబ్బు మోసుకెళితే వాళ్లకే కదా ముందు. రెండు రోజులూ తాడు పట్టుకొని నిలబడ్డాను. తాడు ఎత్తాను కూడా. ఎత్తి, మళ్లీ దించేశాను."

"ఐదు కావస్తోందండీ," అన్నాడు కొట్టతను మెల్లగా.

మేస్త్రీ కాగితం మీదికి వంగాడు. ఒక్కో అక్షరం నొక్కి నొక్కి రాశాడు. రాసి, సంతకం పెట్టి, కింద తన పాత ఉద్యోగం పేరు రాసి, కాగితం ఆవిడకిచ్చాడు.

ఆవిడ నిలబడే చదివింది. పెదవులు కదిలాయి. 'నా తాడు ఎవరూ దాటలేదు. అతను పారిపోలేదు, ఇంట్లోనే ఉన్నాడు. నేను వెళ్లి చూడలేదు.'

చివరి మాట దగ్గర ఆగి, ఆయన మొహంలోకి చూసింది.

"ఈ ఆఖరిది నేను అడగలేదు."

"తెలుసమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఉండనీ. నడు, కౌంటరు మూసేస్తారు."