జగ్గయ్య గుండెకు కనకరత్నం గారి పూచీ

1987 జూన్ 15వ తేదీన మహిళా కానిస్టేబులుగా పోలీసు శాఖలో ప్రవేశించిన శ్రీమతి కనకరత్నం గారు, ఈ నెలాఖరున అసిస్టెంట్ సబ్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన కొత్తలో వారి పాదాలకు సరిపడే బూట్లు దొరకక, రెండు జతల మేజోళ్లు తొడుక్కుని పెరేడు చేశారట.

కొత్తపేటలో బందోబస్తులు, ఉప్పలగుప్తంలో కుటుంబ తగాదాలు, కాట్రేనికోనలో తుపాను సహాయక చర్యలు. విధి ఏదైనా, స్టేషనుకు వచ్చినవారికి ముందు మంచినీళ్లు, తరువాతే ప్రశ్నలు అన్నది వారి పద్ధతి.

మూడేళ్ల క్రితం మా స్టేషను గస్తీ జీపులోకి డీఫిబ్రిలేటర్ వచ్చింది. లయ తప్పి కుప్పకూలిన గుండెను విద్యుత్తుతో దారిలో పెట్టే యంత్రమది. అంబులెన్సు కంటే మేమే ముందు చేరే ఊళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. అదనపు బరువని మేము విసుక్కుంటుంటే, శిక్షణలో మొదటి వరుసలో కూర్చున్నది అరవయ్యేళ్లకు చేరువైన ఆవిడే.

మరుసటి వేసవిలో ఒక కొబ్బరితోటలో పేకాటపై దాడికి వెళ్లాం. ఆటగాళ్లు తలో దిక్కుకూ పరుగెత్తారు. జగ్గయ్య అనే ఆసామి మాత్రం కాలవగట్టున పడిపోయాడు.

“నటనండీ! నీళ్లు కొడితే లేస్తాడు,” అన్నాడు కానిస్టేబులు అబ్బులు.

కనకరత్నం గారు వంగి చూశారు. ఊపిరి లేదు. “నటనైతే బహుమతి ఇద్దాంలే. ముందు ఛాతీ నొక్కు!”

పెట్టె తెరిచి, ఛాతీకి పట్టీలు అంటించేసరికి ఊరు వచ్చిపడింది. “పోలీసోళ్లు కరెంటు పెట్టేత్తన్నారు!” అని కేక. జగ్గయ్య భార్య నాగమణి వచ్చి భర్త కాళ్లు వాటేసుకుంది. షాక్ ఇవ్వాలంటోంది యంత్రం. ఎవరి చెయ్యీ తగలకూడదు. ఆమెను లాగితే కర్రలు లేస్తాయి. లాగకపోతే జగ్గయ్య దక్కడు.

“నాగమణీ, ఇది నిజం చెప్పించే కరెంటు కాదమ్మా, ప్రాణం నిలిపేది. నువ్వు వదిలితేనే ఆయన దక్కుతాడు.”

“మిమ్మల్ని నమ్మమంటారాండీ? తరిమింది మీరే కదండీ!”

“ఆయ్, మేమేనమ్మా. అందుకే అడుగుతున్నా.” టోపీ తీసి ఆమె చేతిలో పెట్టారు. “ఈయన లేవకపోతే ఇది నాకు తిరిగివ్వకు.”

నాగమణి ఆవిడ ముఖంలోకి చూసింది. కాళ్లు వదిలింది.

“అందరూ దూరం!” మీట నొక్కారు. జగ్గయ్య ఒళ్లు ఎగిరిపడింది. అబ్బులు మళ్లీ ఛాతీ నొక్కసాగాడు. కాసేపటికి జగ్గయ్య గొంతులోంచి మూలుగు వచ్చింది. అంబులెన్సు వచ్చాక, కర్రలు పట్టుకున్న చేతులే స్ట్రెచరు మోశాయి.

ఆసుపత్రిలో తెలివి వచ్చాక అతడు అడిగింది, “ఆట ఎవరు గెలిచేరండీ?” అని.

“ఆట నేను గెలిచాను. కేసు నీకు మిగిలింది,” అన్నారు మేడమ్. అన్నట్టే కేసు కట్టారు. నాగమణి టోపీ శుభ్రంగా తుడిచి తెచ్చి, తన చేత్తోనే వారి తలమీద పెట్టి మరీ వెళ్లింది.

ఆపద వచ్చాక నమ్మకం అడుక్కోవడం ఆలస్యమని ఆ రోజు వారు గ్రహించారు. అప్పటినుంచి చర్చి ఆవరణల్లో, రామాలయం పందిళ్లలో, చేపల రేవుల్లో ఆ పెట్టె తెరిచి, “ముట్టుకు చూడండి, కరవదు,” అంటూ ఊరూరా తిరిగారు. ఇవాళ ఎవరైనా కుప్పకూలితే, ఆ ఊళ్లే ముందుగా మాకు ఫోను చేస్తున్నాయి.

ఇంతకాలం వారిని మాకు అరువిచ్చిన భర్త సాయిబాబు గారికి, కుమార్తె మాధురికి మా కృతజ్ఞతలు.

మేడమ్! మీ గుండె మనవల అల్లరికి తప్ప దేనికీ వేగం పెంచకుండా, సంపూర్ణ ఆరోగ్యంతో మీరు చిరకాలం వర్ధిల్లాలి. మా జీపు మీ గుమ్మం ముందు ఎన్నిసార్లు ఆగినా, అది మీ చేతి కాఫీ కోసమే కావాలి.